నడిమి దొంగ పక్కన చుక్క

యాభై ఏడో సంవత్సరం కార్తీకంలో, ఇంకో ఆరు నెలల్లో చచ్చిపోతానని నాకు తెలిసింది. జబ్బేమీ లేదు. జోస్యం ఎవరూ చెప్పలేదు. మిద్దె మీద నిలబడి ఆకాశం చూసి నాకు నేనే తెలుసుకున్నాను.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. పుట్టిల్లు ఆళ్లగడ్డ. యాభై మూడులో నంద్యాలకు కోడలినై వచ్చాను. అత్తవారిది సేద్యపు ఇల్లు. కాలువ కింద వరిమడి, మెరక మీద జొన్న, పత్తి. మామగారు లేరు. ఇంట్లో అత్త, నా భర్త, పెళ్లికాని ఆడబిడ్డ, నేను, మూడేళ్ల నా కూతురు. ఆడబిడ్డ హైస్కూల్లో అయిదో ఫారం చదివేది. నాది రెండో తరగతి చదువు, అదీ సగం. కూడికలు వచ్చు, అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఇల్లు నడపడానికి అంతకు మించి అవసరం రాలేదు.

ఆ నెలలోనే రష్యావాళ్లు కుక్కను ఆకాశంలోకి పంపారన్న కబురు వచ్చింది. ఆడబిడ్డ బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచి కూడా దించకుండా వంటింటి గడప మీద నిలబడి చెప్పింది.

"ఇనుప గుండులో కుక్కను పెట్టి పైకి పంపినారంట వదినా. అది భూమి సుట్టూ తిరుగుతాందంట. తెల్లారుజామున చూస్తే చుక్క మాదిరి పోతా కనపడ్తాదని మా సారు చెప్పినాడు."

రొట్టె తడుతున్న అత్త చెయ్యి ఆపింది. "ఆ కుక్కకు సంగటి ఎవరేస్తాండారే ఆడ?"

"లోపలే పెట్టింటారులేమ్మా."

"పెట్టింటారు! ఈడ కండ్ల ముందర తిరిగే కుక్కకే ఒక పూట మరిచిపోతాం. పైన తిరిగేదానికి పెడ్తారంట. పాపం తగుల్తాది ఆ రష్యావోళ్లకు."

కార్తీకం కాబట్టి ఎలాగూ తెల్లవారకముందే లేచి తలమీద నీళ్లు పోసుకునేవాళ్లం. మరునాడు తులసి దగ్గర దీపం పెట్టి ముగ్గురం మిద్దె ఎక్కాం. మట్టి మిద్దె, మంచుకు తడిసి కాళ్లకు చల్లగా తగులుతోంది. చుట్టుపక్కల మిద్దెల మీదా జనం ఉన్నారు. తడి తలలు, భుజాన దుప్పట్లు. "అదో, అదో పోతాంది!" అని అవతలి మిద్దె మీద ఎవరో అరిచారు. అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. నేనూ తిప్పాను. నాకేమీ కనబడలేదు. దానికి నేను బాధపడలేదు. రష్యా కుక్క కనబడకపోతే నా ఇంట్లో ఏం తక్కువవుతుంది?

దిగబోతుంటే అత్త నా రెక్క పట్టుకుంది.

"కుక్కను చూసేదానికి ఇంత చలిలో నిలబడితిమి. దేవుళ్లను గూడా చూసి పోదాం ఉండు. అదో, ఈశాన్యం తట్టు చూడు. మంచం కనపడ్తాందా? నాలుగు కోళ్లు. దాన్ని ఎత్తుకపోతా ముగ్గురు దొంగలు."

మా వైపు సప్తర్షులను అలాగే చూపిస్తారు. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్లు, అంటే కాళ్లు; ఆ మంచాన్ని ముగ్గురు దొంగలు ఎత్తుకుపోతున్నారని పిల్లలకు కథ చెబుతారు. పూజ వేళకు వాళ్లే ఋషులవుతారు. మా అత్తకు ఈ రెంటికీ తగాదా లేదు.

"ఆ నడిమి దొంగే వశిష్ఠుడు. ఆయప్ప పక్కన ఆవగింజంత చుక్క, అదే అరుంధతి. చూసినారా?"

"నాకు కనపడ్తాంది," అంది ఆడబిడ్డ.

"కనపడాల. కనపడకపోతే ఇంగేముంది, ఆర్నెల్లే."

"ఆర్నెల్లేందత్తా?" అన్నాను.

"ఆ చుక్క కంటికి ఆనకపోతే ఆర్నెల్లలో పోతారు. దీపం ఆరిన వాసన ముక్కుకు తెలీకపోయినా అంతే. మా పెద్దనాయన ఇట్లనే మిద్దె మీద నిలబడి, అరుంధతి యాడబ్బా, నాకు కనపళ్లేదే అన్నాడు. శివరాత్రి చూళ్లేదు ఆయప్ప."

ఆమె బెదిరించడానికి అనలేదు. ఉప్పు ధర చెప్పినట్టు మామూలుగా అంది. అందుకే నమ్మాను.

"నీకు కనపడ్తాంది కదే?"

"కనపడ్తాందత్తా," అన్నాను.

నాకు కనపడింది ఏమిటంటే, ఈశాన్యం మూల ముగ్గుపిండి చేజారి పడినట్టు ఒక మసక. కోళ్లూ లేవు, దొంగలూ లేరు. నాకు ఆకాశం ఎప్పుడూ అంతే. చుక్కలంటే అక్కడక్కడా తెల్లటి మరకలు. చందమామ అంటే నాలుగైదు చందమామలు ఒకదాని మీద ఒకటి జరిగి పడుకున్నట్టు ఉండేది. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. పెళ్లిలో పురోహితుడు అరుంధతిని చూపించింది పట్టపగలు; ఎవరికీ కనబడలేదు, అందరం తలూపాం. నా ఆకాశం ఇంకొకరి ఆకాశంతో సరిచూసుకునే అవసరం అంతకుముందు నాకెప్పుడు వచ్చింది?

చదివేవాళ్లు అడగవచ్చు, కళ్లకు జబ్బేమో అనుకోలేదా అని. అనుకోలేదు. ఎందుకంటే ఆ వీధిలో అందరికంటే మంచి కళ్లు నావేనని పేరు. మగ్గం మీద తెగిన పోగు కట్టాలన్నా, కంబళి సూదిలో కాదు సన్నసూదిలో దారం ఎక్కించాలన్నా, పసిబిడ్డ వేలిలో ముల్లు తీయాలన్నా నన్నే పిలిచేవాళ్లు. బియ్యంలో తెల్లరాయి నా చేతి నుంచి తప్పించుకోలేదు. "నా కోడలి కండ్లు గద్ద కండ్లు," అని అత్త పదిమందిలో చెప్పుకునేది. అంత మంచి కళ్లకు ఆ చుక్క కనబడలేదంటే తప్పు కళ్లది కాదు. ఆయుష్షుది.

వారం రోజులు ప్రతి తెల్లవారుజామునా ఏదో ఒక సాకుతో మిద్దె ఎక్కాను. దొంతిలో పిడకలు తీయాలని ఒకసారి, ఒడియాలు తడిశాయేమో చూడాలని ఒకసారి. మంచం రోజురోజుకూ పైకి వస్తోందని ఆడబిడ్డ అనేది. నాకు పైకి వచ్చేది మసకే. రాత్రి పడుకునే ముందు దీపం ఆర్పి ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. వత్తి కమురు వాసన ఘాటుగా తగిలేది. ముక్కు బతుకుతావంటోంది, కన్ను చస్తావంటోంది. రెంటిలో దేన్ని నమ్మాలో తెలియక, పక్కలో పాప వీపు మీద చెయ్యి వేసుకుని కళ్లు తెరిచి పడుకునేదాన్ని.

ఒకరోజు ఆడబిడ్డ దగ్గర ఆరా తీశాను. ఆమె ఏదో సైన్సు పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

"చుక్కల గురించి ఏం రాసినారు దాంట్లో?"

"అవి సూర్యుడి మాదిరి మంటలు వదినా. శానా దూరంలో ఉండాయి."

"యాదన్నా చుక్క ఒకరికి కనపడి ఒకరికి కనపడకపోతే?"

"మబ్బేసింటాది."

"మబ్బు లేదనుకో."

ఆమె పుస్తకంలో ఒక పేజీ తిప్పింది. "మబ్బు లేకపోతే కనపడాల. వెలుగు అందరి మీదా ఒకటే మాదిరి పడ్తాది కదా. ఊరందరికీ కనపడేది ఒకరికే ఎందుకు కనపడదు?"

పుస్తకం కూడా అత్త మాటే చెప్పింది. ఇంక ఎవరిని అడగాలి? భర్తకు చెబుదామంటే నోరు రాలేదు. చెబితే అత్తకు తెలుస్తుంది. అత్తకు తెలిస్తే, ఆరు నెలల దానికి ఇంటి పెత్తనం ఎందుకని అనకపోయినా మనసులో అనుకుంటుంది. ఇంకో సంబంధం మాట ఎవరో ఒకరు నా వెనక ఎత్తుతారు. నా పాప సవతితల్లి చేతిలో పడుతుంది. నాకు చావు భయం కంటే అదే పెద్ద భయం. పగలంతా ఆ భయం రొట్టెల పొయ్యి ముందు కూర్చునేది, నాతోపాటే లేచేది.

అందుకని ఏడవడం మానేసి పనిలో పడ్డాను. నేను లేని ఇల్లు నడవాలి. రెండేళ్లకు సరిపడా కారం కొట్టించి జాడీలకెత్తాను. చింతపండు గింజ తీసి ఉప్పు వేసి ముద్దలు కట్టాను. కందిబేడలు, కొర్రలు ఎండబెట్టి కుండల్లో పోసి మూతులకు మట్టి మెత్తాను. ఉగాదికి చీర తెస్తానని నా భర్త అంటే వద్దన్నాను. రెండు నెలలు కట్టుకోవడానికి కొత్త చీర దండగ.

"ఈసారి చీర వద్దంటమ్మా, దుడ్లు మిగిలినాయి," అని ఆయన సంతోషంగా అత్తతో చెప్పాడు.

"అది ఎప్పుడు అడిగినాది గనక," అంది అత్త.

పిసినారి ఆడది చావుకు సిద్ధపడుతుంటే ఎవరికీ అనుమానం రాదు.

కానీ చీరలు కోయడం అత్త కంట పడింది. పాపకు ముందుముందు తొడగడానికి పావడాలు కుడుతున్నాను. కొత్త గుడ్డ కొనడం నాకు చేతకాదు. నా పెట్టెలో ఉన్నవే ఒక్కొక్కటీ తీసి కత్తిరించాను. అయిదేళ్లకు ఒకటి, ఆరేళ్లకు ఒకటి, ఎనిమిదికి, పదికి. పెరిగే పిల్ల కదా అని ప్రతిదానికీ కింద నాలుగు వేళ్ల మడత పెట్టాను.

"ఏమే, కట్టుకునే చీరలు కోస్తాండావ్? మతి పోయినాదా?"

"చిరుగుతాండాయత్తా."

అత్త గుడ్డను వెలుగుకు పెట్టి అటూ ఇటూ లాగి చూసింది. "ఇది యాడ చిరిగినాది? నీ సీమంతం చీరే ఇది. నాకు సమాధానం చెప్పు."

"పాపకు పావడా లేదు."

"ఎనిమిదేండ్ల పిల్లకు పట్టేంత పావడా ఈ పిట్టకు ఇప్పుడెందుకే? నీ లెక్క నాకు అర్థం గాలా." ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. "నువ్వు చిక్కిపోతాండావ్. పుట్టింటికి పోయి నెల ఉండిరా."

అలా వైశాఖం మొదట్లో పాపనూ పావడాల మూటనూ తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. నా లెక్కకు ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. ఆ మూట అమ్మ చేతిలో పెట్టి, పాపను నువ్వే పెంచుకో అని చెప్పడానికే పోతున్నాను. దారిపొడవునా పాప కిటికీ ఊచలు పట్టుకుని "అదో ఎనుములు, అదో బండి" అని చెబుతూనే ఉంది. దూరపు గేదెలు నాకు నల్లటి కుప్పలు. ఏవో ఒకటి కనబడుతున్నాయిలే అని ఊకొట్టాను.

ఆళ్లగడ్డలో అమ్మ ఒక్కతే మిద్దె మీద మంచాలు వేసి నీళ్లు చల్లుతోంది. నాయన చేను కాపలాకు పోయాడు. పాప తిని నిద్రపోయాక మూట విప్పాను. అమ్మ లాంతరు దగ్గరికి పావడాలు తెచ్చుకుని ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టి కుట్లు చూసింది. ఒక్కొక్కటీ కింద పెడుతూ పోయింది. అన్నిటికంటే అడుగున నా పెళ్లిచీరలో సగం ఉంది, కుట్టకుండా మడిచినది.

"ఇది యాల కుట్టలా?"

"పెద్దమనిషయినప్పుడు ఓణీకి."

"పాపకు ఇంగా మూడేండ్లే గదా. అప్పుడు చూసుకుందువులే."

"అప్పటికి నేనుండనమ్మా."

అమ్మ లాంతరు వత్తి తగ్గించింది. "ఏందీ, మీ అత్త కొట్టినాదా?"

"లేదు."

"మీ ఆయన ఏమన్నా..."

"లేదమ్మా. నాకు అరుంధతి కనపళ్లేదు. ఆర్నెల్లలో అయిదు నెలలు దాటినాయి."

ఆమె ఓదారుస్తుందని అనుకున్నాను, లేకపోతే తిడుతుందని అనుకున్నాను. ఆమె లేచి మిద్దె పిట్టగోడ దగ్గరికి పోయి ఉత్తరం వైపు నిలబడింది. ఆ నెలలో చుక్కల మంచం పొద్దు గుంకగానే ఉత్తరాన పైకి వచ్చి ఉంటుంది. నన్ను పక్కన నిలబెట్టుకుంది.

"మంచం కోళ్లన్నా కనపడ్తాండాయా నీకు?"

"తెల్లగా మసక ఉండాది. అంతే."

"నాకు ఆ మసక గూడా లేదు," అంది అమ్మ.

నాకు మాట అర్థం కాలేదు. ఆమె చెప్పుకుపోయింది. గొంతు చాలా తగ్గించింది, పక్క మిద్దె మీద ఎవరూ లేకపోయినా.

"నా పెండ్లి నాటినుంచీ కనపళ్లా. కనపడినాదని చెప్పినా. ఆ ఆర్నెల్లు నేనెట్ల గడిపినానో ఆ దేవునికే తెల్సు. పోలేదు. ఇంగో ఆర్నెల్లు చూసినా, పోలేదు. నిన్ను కన్నా. ఇరవై ఏండ్లాయె."

"మరి నాకెందుకు చెప్పలా?" నాకు కోపం ఆగలేదు. "అయిదు నెలలు నేను సస్తాండా ఆడ. నువ్వు ఒక్క మాట చెప్పింటే..."

"మా అమ్మ చెప్పింది," అంది ఆమె. "నాకు పదేండ్లు. ఇట్లనే మిద్దె మీద అందరూ చూస్తాంటే, నాకు కనపళ్లేదబ్బా అని మా అమ్మ నవ్వుతా బయటికి చెప్పింది. ఆ ఏడే కాన్పులో పోయినాది. కనపడకపోవడానికి కాదే, చెప్పినదానికి పోయినాదని నా భయం. అందుకని నేను నోరు మూసుకున్నా. నీకు చెప్తే నాకేమయితాదో, నన్ను చూసి నువ్వు చెప్తే నీకేమయితాదో."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇప్పుడు ఇద్దరమూ చెప్పేశాం.

సగం ధైర్యం వచ్చి సగం పోయింది. ఇరవై ఏళ్లుగా అమ్మ బతికే ఉందన్నది ధైర్యం. నోరు విప్పిన అమ్మమ్మ పోయిందన్నది భయం. మిగిలిన ఇరవై రెండు రోజులూ, వెనకటి అయిదు నెలల కంటే ఎక్కువ భయపడ్డాను. ఇప్పుడు నా ఒక్కదాని ప్రాణమే కాదు కదా. అమ్మ బావి దగ్గరికి పోతే నేను వెంట పోయేదాన్ని. నేను గడ్డివాములో చెయ్యి పెడితే పాముంటుందని అమ్మ అరిచేది. ఒకరు దగ్గితే ఇంకొకరు నీళ్ల చెంబు పట్టుకుని పరుగెత్తేవాళ్లం. నాయన విసుక్కున్నాడు. "ఏమాయె మీ ఇద్దరికీ? కుక్కపిల్లల మాదిరి ఒకదాని ఎంట ఒకటి తిరుగుతాండారు."

ఆఖరి రోజు వైశాఖ బహుళ ఏకాదశి. ఎండకు బండలు పగులుతున్నాయి. అమ్మ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నేనామెను మెట్లు ఎక్కనివ్వలేదు. పొద్దు గుంకింది. పాప రొట్టె కావాలని ఏడ్చింది. ఇద్దరం ఒకేసారి లేచాం. మరునాడు తెల్లవారి కళ్లు తెరిచి, పక్క మంచంలో అమ్మ పొట్ట కదులుతోందా అని చూశాను. ఆమె అప్పటికే మేలుకుని నా పొట్ట వైపు చూస్తోంది.

నంద్యాలకు తిరిగి వచ్చాక ఆడబిడ్డకు చెప్పాను, ఒట్టు వేయించుకుని. ఆమె మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"మా సారు అద్దాలు తీస్తే నల్లబల్ల కనపడదు ఆయనకు. పుస్తకం మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతాడు. నువ్వు బియ్యం ఏరేది గూడా అట్లనే కదా వదినా."

కర్నూలు నుంచి వారానికొకరోజు ఒక కళ్ల డాక్టరు వచ్చేవాడు. నాకు తలనొప్పని అత్తతో చెప్పి ఆడబిడ్డను వెంటబెట్టుకుని పోయాను. ఆయన గోడకు అక్షరాల అట్ట తగిలించి చదవమన్నాడు. నేను కళ్లు చిట్లించి చూశాను.

"చదువు రాదామ్మా?"

"వచ్చు. కనపళ్లేదు."

ఆ మాట అన్నాకే బడి గుర్తొచ్చింది. ఏడేళ్లప్పుడు బడిలో అయ్యవారు నల్లబల్ల మీద రాసి, ఏం రాశానో చెప్పమని అడిగేవాడు. అక్కడ నాకు ఎప్పుడూ నల్లటి పలకే. మిగతా పిల్లలు చదువు వచ్చి చెబుతున్నారు, నాకు రాక చెప్పలేకపోతున్నాను అనుకున్నాను. మొద్దు అని బెత్తంతో కొట్టాడు. మొద్దుకు బడెందుకని నాయన మాన్పించాడు. కనపళ్లేదు అన్న ఒక్క మాట నాకు ఆనాడు తట్టలేదు. డాక్టరు ముందు బల్ల మీద కూర్చుని ఆ రెండేళ్ల దెబ్బలూ ఒకటొకటిగా గుర్తుచేసుకున్నాను. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

చుక్క సంగతి ఆడబిడ్డ ఆయనకు చెప్పింది. ఆయన నవ్వలేదు. "దూరపు చూపు తక్కువమ్మా. తల్లికుంటే బిడ్డకు వస్తుంది. చూపు ఎంతుందో తెలుసుకోవడానికి పాతవాళ్లకు ఆ చుక్కే అక్షరాల అట్ట. ముసలితనంలో చూపు పోయినవాళ్లు ఎలాగూ ఆ ఏడో మరుసటేడో పోతారు. దాన్ని చూసి చావును చుక్కకు కట్టారు," అన్నాడు.

అద్దాలు వచ్చిన సాయంత్రం చీకటి పడ్డాక మిద్దె ఎక్కాను. సంతోషపడ్డానని రాస్తే అబద్ధం. నాకు భయమేసింది. ఇన్నాళ్లూ మెత్తటి దుప్పటిలా ఉన్న ఆకాశం నిండా సూదిమొనలు. అన్నీ నా వైపే ఉన్నాయి. ఇన్ని నా నెత్తి మీద ఉంటే తెలియకుండా ఎలా తిరిగాను? నాలుగు కోళ్లు ఉన్నాయి. ముగ్గురు దొంగలు ఉన్నారు. నడిమివాడి పక్కన ఆవగింజ ఉంది. దాన్ని చూసి దండం పెట్టలేదు. అద్దాలు తీసి కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, వెంటనే కిందికి దిగిపోయాను.

"పెండ్లయిన ఆడదానికి కండ్లద్దాలేందే, గుమస్తా మాదిరి," అని అత్త వారం రోజులు సణిగింది. తలనొప్పి తగ్గిందని చెప్పి నోరు మూయించాను. అసలు సంగతి ఆమెకు చెప్పలేదు. అమ్మకూ అద్దాలు చేయిద్దామంటే, ఇప్పుడు కొత్తగా చూడాల్సిందేముందని ఒప్పుకోలేదు.

అరవైలో పాపను బడిలో వేయాలి. తల్లికుంటే బిడ్డకు వస్తుందన్న డాక్టరు మాట ఆ రెండేళ్లూ నన్ను పొడుస్తూనే ఉంది. ఎన్నోసార్లు దూరంగా నిలబెట్టి ఇవెన్ని వేళ్లు అని అడిగాను. సరిగ్గానే చెప్పేది. బడికి ఇంకా పది రోజులుందనగా ఒక సాయంత్రం మిద్దె మీదికి తీసుకుపోయాను.

"మంచం చూడు. కోళ్లెన్ని?"

"నాలుగు."

"దొంగలు?"

"ముగ్గురు."

"నడిమి దొంగ పక్కన?"

"చిన్న చుక్క. అరుంధతి."

అడగడమే ఆలస్యం, గబగబా చెబుతోంది. నా గుండె బరువు దిగబోయింది. కానీ ఆ కథ ఆ పిల్ల మా అత్త ఒళ్లో వందసార్లు విన్నదే.

"సరే. వేలితో చూపించు."

పాప చెయ్యెత్తింది. వేలు మంచం వైపు పోలేదు. పక్క ఇంటి వేపచెట్టు మీదుగా, ఒక్క చుక్క కూడా లేని చీకటి వైపు నిలబడింది.

"ఆడ కనపడ్తాందా?"

"ఊ. కనపడ్తాంది."

కొట్టడానికి చెయ్యి లేచింది. అబద్ధమాడిన పిల్లను నేనెప్పుడూ విడిచిపెట్టినదాన్ని కాదు. లేచిన చెయ్యి అక్కడే ఆగింది. పాప నా చెంగు పట్టుకుని మొహం దాచుకుంది.

"నిజం చెప్పు. కొట్టను."

"కనపడకపోతే సచ్చిపోతారంట కదా. అవ్వ చెప్పినాది."

"ఎన్నాళ్లనుంచి కనపళ్లేదు?"

"ఎప్పుడూ కనపళ్లేదు." మెట్ల వైపు చూసింది. "అవ్వకు చెప్పొద్దుమా."

నేను పంతొమ్మిదేళ్ల వయసులో మోసింది ఈ ఆరేళ్ల పిల్ల ఎన్ని నెలలుగా మోస్తోందో నాకు తెలియదు. రాత్రి దీపం ఆర్పగానే ఈ పిల్ల గట్టిగా గాలి పీల్చేది. జలుబనుకున్నాను.

పాపను ఎత్తుకుని మెట్లు దిగాను. అత్త వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. పాప వినేటట్టు, పక్కింటికి వినబడినా పర్వాలేదన్నట్టు గట్టిగా చెప్పాను.

"అత్తా, పాపకు అరుంధతి కనపళ్లేదు. నాకు గూడా పుట్టినప్పటినుంచీ కనపళ్లేదు. ఆపొద్దు నీకు అబద్ధం చెప్పినా. మా అమ్మకూ కనపడదు. ఇది కండ్లజబ్బు. రేపు డాక్టరు వచ్చే రోజు, పాపకు అద్దాలు చేయిస్తాండా."

అత్త పుల్ల పొయ్యిలోకి తోసింది.

"నీకిప్పుడు కనపడ్తాంది గదా."

"అద్దాలు పెట్టుకుంటే కనపడ్తాంది."

"అద్దాల్లో చూసింది లెక్కలోకి రాదు," అంది.

నా చంకలో పాప బిగుసుకుపోయింది.

"లెక్కలోకి రాకపోతే నేను పోయి రెండేండ్లు దాటినాది. మరి పొద్దున నీకు రొట్టె కాల్చి పెట్టింది ఎవరత్తా?"

అత్త నవ్వలేదు. లేచి, పాప తల మీద చెయ్యి పెట్టి, ఏదో మొక్కుకుంటున్నట్టు పెదాలు కదిపి, దేవుని గూటి వైపు పోయింది. పాప ఆమె పోయిన వైపే చూస్తూ, నిద్ర పట్టేదాకా నా కొంగు విడిచిపెట్టలేదు.